పద్నాలుగు సిలిండర్ల ఎక్కం

2018 అక్టోబర్ 8న వైమానిక దళ దినోత్సవం నాడు హిండన్ మీదుగా డకోటా ఎగిరినప్పుడు నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. వ్యాఖ్యాత మాటల మధ్య ఆ ఇంజన్ల చప్పుడు పట్టుమని పది సెకన్లు కూడా వినబడలేదు. పక్కనున్న మనవడు "తాతయ్యా, జెట్లు ఎప్పుడొస్తాయి?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. గొంతు పట్టేసింది.

ఆ విమానం సంగతి మన సభ్యుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. బ్రిటన్‌లో బాగుచేయించి, మాజీ డకోటా పైలట్ అయిన తన తండ్రి పేరిట రాజీవ్ చంద్రశేఖర్ గారు వాయుసేనకు బహూకరించారు. 'పరశురామ' అని పేరు పెట్టారు. దాని తోక మీద రాసిన వీపీ 905 అన్న నంబరు, 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియన్ జవాన్లతో శ్రీనగర్‌లో దిగిన డకోటాది. 1971 డిసెంబర్ 11న టంగాయిల్‌లో మన పారాట్రూపర్లు దూకిన విమానాల్లోనూ డకోటాలున్నాయి. ఈ చరిత్ర పుస్తకాల్లో ఉంది. దాని ఇంజన్ లోపల చేతులు పెట్టి నాకు పని నేర్పిన మనిషి గురించి మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నేను 1970లో చేరాను. తాంబరంలో ఇంజన్ ఫిట్టర్‌గా శిక్షణ పూర్తయ్యాక ఉత్తరాదిన ఒక స్టేషన్‌కు పోస్టింగ్ ఇచ్చారు. నా బ్యాచ్ వాళ్లందరికీ మిగ్‌లు, సుఖోయ్‌లు దొరికితే నాకు ముప్ఫై ఏళ్ల నాటి పిస్టన్ ఇంజన్ దక్కింది. మొదటి రోజు మొహం వేలాడేసుకుని హ్యాంగర్‌లోకి వెళ్లాను. అక్కడ స్టూలు మీద కూర్చుని, గుడ్డతో స్పార్క్ ప్లగ్గులు తుడుస్తున్న వారెంట్ ఆఫీసర్ ఒకాయన నా పేరు చూసి తెలుగులో అడిగాడు: "ఏ ఊరు అబ్బాయ్? మొహం అలా పెట్టావేం, అత్తారింటికి పంపినట్టు?"

ఆయనది భీమవరం పక్క పల్లె. మిగతావాళ్లకు వారెంట్ సాబ్, మన తెలుగువాళ్లకు మాస్టారు. పేరు ఇక్కడ రాయడం లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫోటోకు నిలబడమంటేనే పక్కకు తప్పుకున్న మనిషి.

మాస్టారు 1943లో, యుద్ధకాలంలో, అప్పటి ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరారు. ఆయన చేతికి ఆ ఇంజన్ అలవాటైంది డకోటా మీద కాదు, లిబరేటర్ మీద. యుద్ధం అయిపోయాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో లిబరేటర్ బాంబర్లను గుంపులు గుంపులుగా వదిలేసి వెళ్లారు. ఊరికే వదల్లేదు, మళ్లీ ఎగరకుండా పాడుచేసి మరీ వదిలారు. ఇంజన్లలో ఇసుక పోశారని మాస్టారు చెప్పేవారు. వాటిని బాగుచేయడం అసాధ్యమని విదేశీ నిపుణులు తేల్చేశారట. బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఒకదాని భాగాలు ఇంకొకదానికి వేసి, కాన్పూర్ నుంచి బెంగళూరు దాకా ఎగరగలిగే మట్టుకు నిలబెట్టారు. టెస్ట్ పైలట్ జంషెద్ మున్షీ గారు వాటిని ఒక్కొక్కటిగా తీసుకువెళ్లారు. అక్కడ పూర్తిగా బాగుచేశాక, 1948 నవంబర్‌లో ఆ విమానాలతోనే అయిదో స్క్వాడ్రన్ ఏర్పడింది. మొత్తం మీద నలభైకి పైగా లిబరేటర్లు మనకు దక్కాయి. 1968 చివరిదాకా వాడాం. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల మ్యూజియాలకు చూడ్డానికి కూడా ఒక్క లిబరేటర్ కావాలంటే మన దగ్గరికే రావాల్సి వచ్చింది. లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్నది 1974లో మనమిచ్చినదే. పాడుచేసి పోయినవాళ్లే మళ్లీ చేయి చాచి తీసుకువెళ్లారని మాస్టారు ఎంత సంబరపడేవారో!

లిబరేటర్‌కి నాలుగు, డకోటాకి రెండు. ఇంజన్ కుటుంబం మాత్రం ఒకటే, ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830, ట్విన్ వాస్ప్. 1,200 హార్స్‌పవర్. పద్నాలుగు సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరసల్లో, పూరేకుల్లా గుండ్రంగా. ప్రతి వరసకూ ఒక మాస్టర్ రాడ్, దాన్ని పట్టుకుని ఆరు లింక్ రాడ్లు. ప్రపంచంలో ఏ విమాన పిస్టన్ ఇంజనూ ఇంత సంఖ్యలో తయారు కాలేదు, 1,73,000కు పైమాటే.

మాస్టారు మాకు మొదట నేర్పింది స్పానర్ పట్టుకోవడం కాదు, ఎక్కం. సిలిండర్లు మండే వరస: 1, 10, 5, 14, 9, 4, 13, 8, 3, 12, 7, 2, 11, 6. "తొమ్మిది కలుపు, కలిపితే పద్నాలుగు దాటిందా, ఐదు తీసెయ్. అంతే, ఇందులో బ్రహ్మవిద్యేముంది?" అనేవారు. పొద్దున టీకి ముందు అప్పజెప్పాలి. తప్పితే టీ కట్. సర్దార్ కుర్రాళ్లు కూడా తెలుగు అంకెల్లో అప్పజెప్పేవారంటే నమ్మండి. తర్వాత చెవి. నడుస్తున్న ఇంజన్ ముందు నిలబెట్టి, ఏ సిలిండర్ ప్లగ్గు సరిగా మండడం లేదో చెప్పమనేవారు. మొదటి ఆరునెలలూ నేను చెప్పినవన్నీ తప్పులే. ఆయన మాత్రం ఎగ్జాస్ట్ పొగ రంగు చూసి, ఇంజన్ ఆపాక సిలిండర్ల మీద తడిచేత్తో తట్టి, చల్లగా ఉన్నది ఏదో చెప్పేసేవారు. ఆయన అరచేతులు తాబేలు చిప్పల్లా ఉండేవి. మీరెవరూ ఆ ప్రయోగం చేయకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నేళ్లలో దీన్ని మా ఇంట్లో తప్ప బయట ఎక్కడా చెప్పలేదు.

రేడియల్ ఇంజన్ ఆపి ఉంచితే ఆయిల్ మెల్లగా కారి, కింది సిలిండర్లలో చేరుతుంది. నూనెను నొక్కితే నొక్కుకోదు. అందుకని స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడైనా బిగిస్తే ఆగిపోయి, కింది సిలిండర్ల ప్లగ్గు ఊడదీసి నూనె కార్చాలి. అరగంట పని. ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి తిప్పకూడదు. తిప్పితే అప్పటికి బిగువు వదులుతుంది గానీ నూనె ఇన్‌టేక్ పైపులోకి పోయి కూర్చుని, స్టార్ట్ చేయగానే మళ్లీ లోపలికి వస్తుంది. పిస్టన్ దానిమీద గుద్దుకుంటుంది, రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజన్ కొన్ని గంటలు బాగానే నడుస్తుంది. తర్వాత ఎక్కడ విరుగుతుందో, అప్పుడు విమానం ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

1974 జనవరి. సాయంత్రం, ఎముకలు కొరికే చలి. మర్నాడు పొద్దున ఆరింటికి మనుషులతో, రేషన్‌తో వెళ్లాల్సిన డకోటా అది. ప్రొపెల్లర్ తిప్పుతుంటే నాలుగో బ్లేడు దగ్గర బిగిసింది. నాతో ఉన్న కుర్రాడు గ్రీజు డబ్బా కోసం లోపలికి వెళ్లాడు. మెస్‌లో ఆ రాత్రి సినిమా. నేను చుట్టూ చూశాను. వెనక్కి తిప్పాను. వదిలింది.

స్టార్ట్ చేస్తే ఒక్కసారి 'టక్'మని, పొగ కక్కి, అందుకుంది. ఆయిల్ ప్రెషర్, ఆర్‌పీఎం అన్నీ బాగున్నాయి. ఫారం 700లో సంతకం పెట్టి సినిమాకి వెళ్లాను. ఆ సినిమా ఏమిటో ఈనాటికీ గుర్తులేదు. ఆ 'టక్' ఒక్కటే చెవిలో ఉంది.

రాత్రి పదకొండు గంటలకు మాస్టారి క్వార్టర్ తలుపు తట్టాను. పిన్నిగారు తలుపు తీశారు. నేను చెప్పింది విని మాస్టారు తిట్టలేదు, కొట్టలేదు. కోటు వేసుకుంటూ ఒక్కమాట అడిగారు: "ఎన్ని బ్లేడ్లు వెనక్కి తిప్పావు?" ఒకటన్నాను. డ్యూటీ ఆఫీసర్‌కి ఫోన్ చేసి "ఆ విమానం రేపు ఎగరదు సార్" అని చెప్పి సైకిల్ తీశారు.

పొగమంచులో, రెండు టార్చిలైట్లతో, ఎనిమిదో నంబరు సిలిండర్ ఊడదీశాం. అది సరిగ్గా అడుగున ఉంటుంది. లింక్ రాడ్ మామూలు కంటికి తిన్నగానే ఉంది. మాస్టారు స్టీలు స్కేలు ఆనించి, అవతలి నుంచి టార్చి వేశారు. స్కేలుకీ రాడ్‌కీ మధ్య సన్నగా, దారమంత వెలుతురు కనబడింది. ఆ వెలుతురు వంక ఇద్దరం చాలాసేపు చూశాం. నా మోకాళ్లు వణికాయి, చలికి కాదు.

తెల్లవారాక రిపోర్టు నాచేతే రాయించారు. "జరిగింది జరిగినట్టు రాయి. నీ పేరు నువ్వే రాసుకో" అన్నారు. రాశాను. నాకు శిక్ష పడింది, అది న్యాయమే. కానీ దానికింద, పర్యవేక్షణ తనదేనని మాస్టారు తన చేత్తో ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టారు. ఆ పని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఆయన డ్యూటీలో కూడా లేరు.

1976లో ఆయన వారెంట్ ఆఫీసర్‌గానే రిటైరయ్యారు. మాస్టర్ వారెంట్ ఆఫీసర్ అవుతారని అందరం అనుకున్నాం. కారణం అదేనా అని నేను ఎన్నడూ అడగలేదు, అడిగే ధైర్యం లేక.

1991లో సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ల ఊరు వెళ్లాను. అప్పటికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మంచం మీద ఉన్నారు. పిన్నిగారు కాఫీ ఇస్తూ, "చేతిదాకా వచ్చిన ప్రమోషన్ పోయింది బాబూ, అయినా నీ సంగతి ఒక్కనాడు ఎత్తలేదు" అన్నారు. నేను తల దించుకున్నాను. మాస్టారు ఎడమచేత్తో ఆవిణ్ణి ఆగమని సైగ చేసి నావైపు తిరిగారు. మాట ముద్దగా వస్తోంది.

"ఒరేయ్ అబ్బాయ్, ఎనిమిది తర్వాత ఏది?"

"మూడు, మాస్టారూ."

"ఊఁ. కాఫీ తాగు."