జతపరచని కాగితం

2003లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వైద్య మండలికి ఒక సర్జన్ దరఖాస్తు అందింది. దానితోపాటు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ధ్రువపత్రం కూడా వచ్చింది. ఈ వైద్యుడిపై బహిరంగ ఉత్తర్వు ఒకటి ఉన్నదనీ, వివరాలకు జతపరచిన కాగితం చూడవలసిందనీ అందులో రాసి ఉంది. జతపరచిన కాగితం మాత్రం లేదు. అది ఏమైందని మండలి అడగలేదు. రిజిస్ట్రేషన్ ఇచ్చేసింది.

ఆ వైద్యుడి పేరు జయంత్ పటేల్. ఆయన ఉదంతం మీద 'కొరియర్ మెయిల్' పత్రికా రచయిత హెడ్లీ థామస్ 2007లో 'సిక్ టు డెత్' అనే పుస్తకం రాశారు. హంతక వైద్యుల కథలు అమెరికాలో, ఇంగ్లండులో చాలానే వచ్చాయి. వాటిలో పాఠకుణ్ణి పట్టి ఉంచేది నేరస్థుడి మనసు. ఈ పుస్తకం నన్ను పట్టి ఉంచింది వేరే కారణానికి. ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు అతని గతాన్ని ఎవరు, ఎలా, ఎంతవరకు అడుగుతారన్న ప్రశ్నకు ఇందులో విపులమైన జవాబు ఉంది.

పటేల్ గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో వైద్యవిద్య పూర్తిచేసి అమెరికా వెళ్లారు. 1984లో, రోగులను పరీక్షించకుండానే కేస్ షీట్లు నింపినందుకు న్యూయార్క్ రాష్ట్రం ఆయనకు జరిమానా విధించి, కొంతకాలం పర్యవేక్షణలో ఉంచింది. 1989లో ఆయన ఒరెగాన్‌లోని పోర్ట్‌లండ్‌కు మారి ఒక పెద్ద వైద్యసంస్థలో చేరారు. 1998లో ఆ సంస్థే ఆయన చేయగల శస్త్రచికిత్సలపై ఆంక్షలు పెట్టింది. 2000లో ఒరెగాన్ వైద్య మండలి కాలేయం, క్లోమం ఆపరేషన్లు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2001లో న్యూయార్క్ లైసెన్సును ఆయన వదులుకోవలసి వచ్చింది. ఇవేవీ రహస్యాలు కావు, బహిరంగ రికార్డులు.

ఇక్కడొక సంగతి గమనించాలి. తరువాతి కాలంలో చాలామంది అనుకున్నట్లు లోపం జామ్‌నగర్ పట్టాలో లేదు, ఆ పట్టా అసలైనదే. మచ్చలన్నీ అమెరికాలో ఏర్పడినవి. మండలికి అందిన దరఖాస్తులో, గతంలో రిజిస్ట్రేషన్‌పై ఆంక్షలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకు ఆయన లేవని జవాబిచ్చారు. పాత సహచరుల ప్రశంసాపత్రాలు ఉండనే ఉన్నాయి. దరఖాస్తుదారు చెప్పిన జవాబునూ, దరఖాస్తుతో వచ్చిన కాగితాన్నీ పోల్చి చూసినా అబద్ధం బయటపడేది.

అలా ఎందుకు చూడలేదు? బండబెర్గ్ చెరకు తోటల మధ్య ఉన్న ఊరు. బ్రిస్బేన్‌కు ఉత్తరాన మూడు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అలాంటి ఊళ్లకు స్థానిక వైద్యులు రారు. అందుకని వైద్యుల కొరత ఉన్న ప్రాంతాలకు వేరొక మార్గంలో రిజిస్ట్రేషన్ ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉండేది. పటేల్ ఆ దారిలోనే వచ్చారు. రాగానే ఆసుపత్రి ఆయనను శస్త్రచికిత్స విభాగానికి అధిపతిని చేసింది. దానితో ఆయన పనిని పైనుంచి చూసే సర్జన్ లేకుండా పోయాడు. సర్జన్ల కళాశాల ఆయన నైపుణ్యాన్ని అంచనా వేసే అవకాశమూ రాలేదు. కొరత ఉన్నచోట తనిఖీ సడలుతుంది. తనిఖీ సడలినచోటికే ఇతరచోట్ల తలుపులు మూసుకున్నవారు వెతుక్కుంటూ వస్తారు. పెద్ద నగరాల ఆసుపత్రులకు ఈ సంగతి అంతగా తెలియదు, చిన్న ఊళ్ల రోగులకు అనుభవంలో తెలుస్తుంది.

కాగితాలు చెప్పని సత్యాన్ని మొదట చూసినది ఐసీయూ నర్సు టోనీ హాఫ్‌మన్. అంత చిన్న ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో అన్నవాహిక తొలగింపు వంటి భారీ ఆపరేషన్లు చేయడం ప్రమాదమని ఆమె 2003లోనే అభ్యంతరం చెప్పారు. ఆ తరువాతా పదేపదే ఫిర్యాదు చేశారు. ఆపరేషన్ల సంఖ్యను బట్టి నిధులు వచ్చే పద్ధతిలో చురుకైన సర్జన్ యాజమాన్యానికి విలువైనవాడు. చివరకు ఆమె స్థానిక శాసనసభ్యుడు రాబ్ మెసెంజర్‌ను ఆశ్రయించారు. 2005 మార్చిలో ఆయన ఆ సంగతిని రాష్ట్ర పార్లమెంటులో లేవనెత్తారు. ఏప్రిల్‌లో పటేల్ దేశం విడిచి వెళ్లారు. విమానం టికెట్టు ఖర్చు ప్రభుత్వానిదే. అదే నెలలో హెడ్లీ థామస్ గూగుల్‌లో ఆయన పేరు వెతికారు. ఒరెగాన్, న్యూయార్క్ ఉత్తర్వులు తెరమీద కనిపించాయి.

విచారణ సంఘం 2005 నవంబరులో నివేదిక ఇచ్చింది. కోర్టు వ్యవహారం మాత్రం ఎనిమిదేళ్లు సాగింది. ముగ్గురి మరణాలకు సంబంధించి 2010లో పడిన శిక్షను 2012లో హైకోర్టు కొట్టివేసింది. 2013లో తిరిగి జరిగిన ఒక విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. చివరకు ఆయన ఒప్పుకున్నది రిజిస్ట్రేషన్ మోసాన్ని. రెండేళ్ల జైలుశిక్ష పడినా దాని అమలును కోర్టు నిలిపివేసింది. ఆపరేషన్ బల్ల మీద జరిగినదాన్ని నేరంగా నిరూపించడం అంత కష్టం. ఫారం మీద రాసిన అబద్ధాన్ని నిరూపించడం తేలిక. తేలికగా దొరికేదాన్ని మొదట్లోనే పట్టుకోకపోవడమే ఈ చరిత్రలోని విషాదం.

దీన్ని పరదేశి వైద్యుల సమస్యగా చూసేవారికి అదే కాలంలో న్యూజెర్సీలో జరిగినది గుర్తుచేయాలి. చార్లెస్ కల్లెన్ అక్కడే పుట్టిన నర్సు. నర్సింగ్ లైసెన్సు నిజమైనదే. 1987 నుంచి 2003 వరకు, పదహారేళ్లపాటు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ఆసుపత్రులలో ఒకదాని తరువాత ఒకదానిలో పనిచేస్తూ ఇన్సులిన్, డిగాక్సిన్‌లతో రోగులను చంపాడు. అనుమానం వచ్చిన ఆసుపత్రులు సైతం అతణ్ణి సాగనంపి ఊరుకున్నాయి. తరువాతి యజమాని ఫోన్ చేస్తే ఉద్యోగంలో చేరిన తేదీ, వదిలిన తేదీ తప్ప మరేమీ చెప్పకపోవడం అప్పటి అలవాటు. చెబితే పరువునష్టం దావా పడుతుందేమోనన్న భయం. అతని అరెస్టు తరువాత, 2005లో, న్యూజెర్సీ చట్టం చేసింది. అడిగినప్పుడు ఆసుపత్రులు నిజం చెప్పాలనీ, సదుద్దేశంతో చెప్పినవారికి రక్షణ ఉండాలనీ దాని సారాంశం.

అమెరికాలో వైద్యులపై చర్యలను నమోదు చేసే జాతీయ డేటా బ్యాంకు 1990లోనే మొదలైంది. కానీ దానిలో వెతికే అర్హత ఇక్కడి సంస్థలకే ఉంది, పరదేశపు మండలికి ఆ తలుపు తెరవదు. విచారణ మొదలుకాకముందే మెల్లగా రాజీనామా చేయించి పంపితే అందులో ఏమీ చేరదు కూడా. ఎవరూ జమచేయని బ్యాంకులో ఎంత వెతికినా ఏం దొరుకుతుంది?

ఆస్ట్రేలియా 2010 జూలైలో రాష్ట్రాల మండళ్ల స్థానంలో జాతీయ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఇప్పుడు పాత లైసెన్సు ధ్రువపత్రం దరఖాస్తుదారు చేతిమీదుగా రాకూడదు, ఇచ్చిన మండలి నుంచి నేరుగా రావాలి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, అవసరమైన ఆకులు. దీని భారం మోసినది మాత్రం నిజాయితీగా వచ్చిన విదేశీ పట్టభద్రులు. ఆ ప్రక్రియ ఎంత చిక్కుదారిగా మారిందో 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటరీ సంఘమే 'లాస్ట్ ఇన్ ది లాబిరింత్' అనే నివేదికలో వివరించింది. బండబెర్గ్ తరువాత అక్కడ అడుగుపెట్టిన భారతీయ వైద్యులు, వారిలో మనవాళ్లూ, తాము చేయని తప్పుకు జవాబు చెప్పుకున్నారు.

ప్రతి కొత్త ఆసుపత్రిలోనూ అవే ఫారాలు నింపుతూ, ముప్పై ఏళ్ల కిందటి కళాశాల నుంచి మళ్లీ ఉత్తరం తెప్పించమంటే విసుక్కునే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ పుస్తకం చదవమని చెబుతుంటాను. ఆ విసుగు అర్థమవుతుంది. అయితే మన పేరు మీద ఉత్తరం రాయమని కోరుతూ పాత సహచరుడు ఫోన్ చేసినప్పుడు మనం ఏం రాస్తున్నామో, ఏం రాయకుండా వదిలేస్తున్నామో కూడా ఇది అడుగుతుంది. పటేల్‌కు ప్రశంసాపత్రాలు రాసినవారు వైద్యులే. మనం ఆ సంతకం పెట్టేటప్పుడు, అవతల ఏ చిన్న ఊళ్లోనో ఆ కాగితాన్ని నమ్మి ఆపరేషన్ బల్ల ఎక్కే మనిషి ఒకరుంటారు.