ప్రోగ్రామింగ్ భాషల పోర్టబిలిటీ – విక్రేతల ఆధిపత్యం: కోబాల్, జావాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం
ఒక కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాం మరో తయారీదారు కంప్యూటర్‌పై కూడా నడవగలగడాన్ని పోర్టబిలిటీ అంటారు. దీనిని భాషా నిర్మాణానికి సంబంధించిన గుణంగానే సాధారణంగా పరిగణిస్తారు. అయితే భాష హద్దులను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్న అంశంపైనే ఈ గుణం నిలబడిందని కోబాల్, జావా భాషల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పోర్టబిలిటీ, విక్రేతాధీనత, కోబాల్, జావా, ప్రామాణీకరణ, లైసెన్సు.

ఉపోద్ఘాతం

యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు డి.టి.పి. ఫాంట్లలో కూర్చిన తెలుగు సిద్ధాంత గ్రంథాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. రచన పరిశోధకునిదే అయినా దానిని చదవడానికి ఒక విక్రేత సరుకు తప్పనిసరి అయింది. ప్రోగ్రాముల విషయంలో ఈ చిక్కు మరింత పాతది, మరింత ఖర్చుతో కూడినది. ఒక సంస్థ తన జీతాల పట్టికలను, సరుకుల లెక్కలను ఏ యంత్రం కోసం రాయించుకుంటుందో ఆ యంత్రాన్ని అమ్మిన కంపెనీకి కట్టుబడిపోతుంది. ఈ వ్యాసంలో విక్రేతాధీనత అంటే ఈ స్థితే.

కోబాల్: కొనుగోలుదారు పట్టు

1950లలో తయారీదారులు ఎవరి యంత్రానికి వారు భాషలను సమకూర్చుకున్నారు. ఐ.బి.ఎం. 1957లో తన 704 యంత్రానికి ఫోర్‌ట్రాన్‌ను విడుదల చేసింది. యూనివాక్ యంత్రాలకు గ్రేస్ హాపర్ బృందం ఫ్లో-మాటిక్‌ను రూపొందించింది. ఈ పద్ధతి వల్ల ఎక్కువగా నష్టపోయినది అమెరికా రక్షణ శాఖ. 1959 నాటికి ఆ శాఖ వద్ద 225 కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, మరో 175 కొనుగోలు దశలో ఉన్నాయి. వాటిపై నడిచే ప్రోగ్రాములకు అప్పటికే 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. యంత్రం మారితే ఆ రాత మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ నేపథ్యంలో 1959 మే 28, 29 తేదీలలో పెంటగాన్‌లో జరిగిన సమావేశం నుంచి కోబాల్ రూపకల్పన మొదలైంది. దాని నిర్మాణంలో ఒక నిజాయితీ కనిపిస్తుంది. కోబాల్ ప్రోగ్రాంలో ఎన్విరాన్‌మెంట్ డివిజన్ అనే ప్రత్యేక విభాగం ఉంటుంది. ఏ యంత్రం, ఏ పరికరాలు అన్న వివరాలను అక్కడ పేర్కొనాలి. అంటే యంత్రంపై ఆధారపడటం పూర్తిగా తప్పదని రూపకర్తలు ముందే అంగీకరించి, ఆ భాగాన్ని వీలైనంతవరకు ఒక్కచోటికి కుదించారు. 1960 డిసెంబరులో దాదాపు ఒకే ప్రోగ్రాం ఆర్.సి.ఎ. 501పైన, యూనివాక్ 2పైన నడిచింది.

అయితే ఈ ప్రదర్శన ఒక్కటే తయారీదారులను కదిలించిందనుకోవడం పొరపాటు. కోబాల్ కంపైలర్ వల్ల ప్రయోజనం లేదని నిరూపిస్తే తప్ప, అది లేని కంప్యూటర్‌ను కొనబోమని, అద్దెకు తీసుకోబోమని రక్షణ శాఖ ప్రకటించింది. అంత పెద్ద ఖాతాదారును వదులుకోగలిగిన కంపెనీ లేదు. 1968లో అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడిన తరువాత కూడా కంపెనీలు తమ సొంత చేర్పులను మానలేదు. ఆ చేర్పులను వాడుకున్న ప్రోగ్రాం మళ్లీ పాత బంధంలోనే చిక్కుకునేది.

జావా: చేర్పుల వివాదం

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను ప్రకటించినప్పుడు వాగ్దానం మరింత పెద్దది: ఒక్కసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుంది. జావా ప్రోగ్రాం నేరుగా యంత్రభాషలోకి కాక బైట్‌కోడ్ అనే మధ్యంతర రూపంలోకి మారుతుంది. ప్రతి వేదికపైన ఉండే వర్చువల్ మెషీన్ దానిని నడిపిస్తుంది. సి భాషలో పూర్ణాంకం పరిమాణం యంత్రాన్ని బట్టి మారవచ్చు. జావాలో ఇంట్ అంటే ఎక్కడైనా 32 బిట్లే. ఇదే గనుక నెరవేరితే విండోస్ అన్నది ఎన్నో వేదికలలో ఒకటిగా మిగిలిపోతుంది.

మైక్రోసాఫ్ట్ 1996 మార్చిలో జావా లైసెన్సు తీసుకుంది. దాని వర్చువల్ మెషీన్ వేగంగా పనిచేసింది కూడా. అయితే విజువల్ జె++ ఉపకరణంలో విండోస్ ఫంక్షన్లను నేరుగా పిలిచే జె/డైరెక్ట్ సదుపాయం చేరింది, డెలిగేట్ వంటి కొత్త కీవర్డులు చేరాయి. సన్ నిర్దేశించిన జె.ఎన్.ఐ.కి మాత్రం చోటు దక్కలేదు. ఇక్కడ విక్రేతాధీనత నిషేధంగా కాక సౌకర్యంగా ప్రవేశించిందన్నది గమనార్హం. ప్రోగ్రామర్ తాను జావాయే రాస్తున్నాననుకుంటాడు, కానీ ఆ ప్రోగ్రాం విండోస్ దాటదు.

1997 అక్టోబరులో సన్ వేసిన దావా 2001 జనవరిలో 2 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. చరిత్రకారునికి దీనికంటే విలువైనది, మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యంపై అమెరికా ప్రభుత్వం నడిపిన వ్యాజ్యంలో 2001 జూన్‌లో అప్పీలు కోర్టు చెప్పిన తీర్పు. సన్ దానితో పొసగని వర్చువల్ మెషీన్‌ను తయారు చేయడం తనంతట తాను తప్పు కాదని కోర్టు భావించింది. తమ ఉపకరణాలు విండోస్‌కే కట్టిపడేస్తాయన్న సంగతిని డెవలపర్లకు తెలియనివ్వక మోసగించడాన్ని మాత్రం తప్పుపట్టింది. మెరుగుదలకు, ఉచ్చుకు మధ్య గీతను కోర్టు సాంకేతికతలో కాక ఎరుకలో చూసింది.

రక్షకుని చేతిలోని తాళం

సన్‌ను కేవలం బాధితురాలిగా చూపే కథనాలు మిగతా సగాన్ని వదిలేస్తాయి. జావాను స్వతంత్ర ప్రమాణ సంస్థకు అప్పగించే ప్రయత్నాలను సన్ మొదలుపెట్టి 1999లో విరమించుకుంది. మరోవైపు మైక్రోసాఫ్ట్ తన సి-షార్ప్ భాషకు 2001 డిసెంబరులో ఇ.సి.ఎం.ఎ. ప్రమాణం సాధించింది. భాషకు ప్రమాణం వచ్చినా, విండోస్ ఫారమ్స్ వంటి గ్రంథాలయాలు దాని బయటే ఉండిపోయాయి.

జావాకు పోర్టబిలిటీ పరీక్షలు ఉండేవి. వాటిలో నెగ్గితేనే ఒక అమలుకు జావా అనే గుర్తింపు దక్కేది. అపాచీ సంస్థ హార్మనీ పేరుతో స్వేచ్ఛా జావాను నిర్మించినప్పుడు, ఆ పరీక్షల లైసెన్సులో వాడకంపై పరిమితులు ఎదురయ్యాయి. 2007లో అపాచీ బహిరంగంగా నిరసన తెలిపింది. 2010 డిసెంబరులో జావా కమ్యూనిటీ ప్రాసెస్ కార్యవర్గం నుంచి వైదొలగింది. మరుసటి ఏడాది హార్మనీ ఆగిపోయింది. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ చేర్పులకు వ్యతిరేకంగా చూపిన అనుకూలత అనే వాదనే ఇప్పుడు ప్రత్యామ్నాయానికి అడ్డుగోడ అయింది.

హార్మనీ గ్రంథాలయాలను ఆండ్రాయిడ్ వాడుకుంది. 2010లో సన్‌ను కొన్న ఒరాకిల్ అదే ఏడాది ఆగస్టులో గూగుల్‌పై దావా వేసింది. విచారణలో ప్రధానమైనవి 37 జావా ప్యాకేజీలలోని సుమారు 11,500 డిక్లరేషన్ పంక్తులు, అంటే ప్రోగ్రామర్లు ఏ పేరుతో దేనిని పిలవాలో చెప్పే భాగం. 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6–2 ఆధిక్యంతో గూగుల్ వాడకాన్ని న్యాయసమ్మత వినియోగంగా తీర్మానించింది. ఆ పంక్తులకు కాపీరైటు ఉందని వాదన కోసమే అనుకొని ముందుకు సాగింది తప్ప, నిజంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం కోర్టు జవాబు చెప్పలేదు.