శక్కర్‌నగర్‌ను ఎవరు చూడాలి?

ప్రభుత్వ కట్టడాలు నిధుల్లేకే పాడవుతాయంటారు. నిజామాబాద్ చరిత్ర మరో మాట చెబుతుంది: పని ఉన్నంతకాలమే గోడకు సున్నం, గేటుకు కాపలా దక్కాయి. నిజాంసాగర్ నీళ్లతో పండే చెరకు కోసం 1937లో బోధన్‌లో పుట్టిన చక్కెర ఫ్యాక్టరీయే శక్కర్‌నగర్ కాలనీని నిలబెట్టింది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో గానుగాడటం ఆగింది. దాంతో క్వార్టర్లను కనిపెట్టుకునే యజమానీ లేకుండా పోయాడు.

నష్టాల మిల్లుకు కాలనీ బాగోగులెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిజామాబాద్ ఖిల్లా చూడండి. రఘునాథాలయం ఉన్న ఆ కోట జైలుగానూ పనికొచ్చింది. కవి దాశరథి ఖైదీగా బొగ్గుతో గోడమీద పద్యాలు రాసింది అక్కడే. పని మారినా కట్టడం నిలిచింది. శక్కర్‌నగర్‌కు అలాంటి రెండో పని ఎవరూ వెతకలేదు. మిల్లు అమ్మకం కాగితాల్లోనే ఆ బాధ్యత రాసి ఉండాల్సింది.