ఇంటి కంప్యూటర్‌కు ర్యామ్ పెంచాలా? కొనే ముందు ఇవి చూసుకోండి

ఐదారేళ్ల నాటి ల్యాప్‌టాప్ నెమ్మదించగానే కొత్తది కొనేయాలనిపిస్తుంది. చాలా ఇళ్లలో సమస్య మెమరీ చాలకపోవడమే. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీ వైపే తయారీదారులు మొగ్గు చూపడం ఇందుకు ప్రధాన కారణం. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ కంపెనీలే ప్రపంచంలో అధిక భాగం ర్యామ్ చిప్‌లు తయారు చేస్తున్నాయి. హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉన్న మైక్రాన్, ఇళ్లలో వాడే 'క్రూషియల్' బ్రాండ్ నుంచి తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి తొందరపడి కొనకుండా, అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోవాలి.

ర్యామ్ వేరు, స్టోరేజీ వేరు

స్టోరేజీ సామాన్ల అలమర లాంటిది, ర్యామ్ వంటగట్టు లాంటిది. గట్టు నిండిపోతే గిన్నెలు మాటిమాటికీ అలమరలో పెట్టి తీయాల్సి వస్తుంది. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ కూడా కొంత సమాచారాన్ని డిస్క్‌లోకి మారుస్తూ ఉంటుంది. ఆలస్యం అక్కడే. ఫొటోలు దాచుకోవడానికి చోటు లేదంటే మాత్రం ర్యామ్ పెంచినా లాభం లేదు.

అవసరమా?

రోజూ వాడే బ్రౌజర్ ట్యాబులు, జూమ్, పిల్లల హోంవర్క్ అన్నీ తెరిచి ఉంచండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. 'పెర్ఫార్మెన్స్'లో 'మెమరీ' చూడండి. వాడకం తరచూ 85 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచడం పనికొస్తుంది. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర ఆగిపోతుంటే, అది పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే, ముందు దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చండి. మామూలు ఇంటి పనికి 8 జీబీతో నెట్టుకురావచ్చు, 16 జీబీ హాయిగా సరిపోతుంది.

ఇంకో మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. ఆ అర్హత లేని కంప్యూటర్ మీద డబ్బు పెట్టే ముందు ఆలోచించండి.

ఏది కొనాలి?

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు. వాటి గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, వోల్టేజీ కూడా వేరు. ల్యాప్‌టాప్‌కు పొట్టి బిళ్ల (ఎస్‌ఓడిమ్), డెస్క్‌టాప్‌కు పొడుగు బిళ్ల (డిమ్) కావాలి. ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో, వేగం ఎంతో టాస్క్ మేనేజర్ చూపుతుంది. గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. ఒక స్లాట్‌లో 8 జీబీ ఉండి రెండోది ఖాళీగా ఉంటే, అదే రకం 8 జీబీ జోడించడం మంచిది. రెండూ కలిసి డ్యూయల్ ఛానెల్‌లో పనిచేస్తాయి.

2020 నుంచి వచ్చిన ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లలో మెమరీని తర్వాత పెంచుకోలేం. చాలా పల్చటి విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ అది బోర్డుకే అతికించి ఉంటుంది. అలాంటివి కొనేటప్పుడే సరిపడా తీసుకోవాలి.

బిగించే విధానం

1. కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. మూత తెరిచాక మాన్యువల్ చెప్పినట్లు బ్యాటరీ కనెక్షన్ తీయండి.
2. చలికాలంలో హీటర్ నడిచే ఇళ్లలో గాలి పొడిబారి కార్పెట్ మీద స్టాటిక్ ఎక్కువ. కార్పెట్ లేని చోట కూర్చుని, లోహాన్ని తాకి, బిళ్లను అంచులతోనే పట్టుకోండి.
3. ల్యాప్‌టాప్‌లో గాడి సరిచూసి ఏటవాలుగా దూర్చి, క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి నొక్కండి. డెస్క్‌టాప్‌లో నిటారుగా, రెండు చివర్లా నొక్కాలి.
4. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి. అప్పటికీ రాకపోతే తీసి మళ్లీ బిగించి, ఒక్కొక్క బిళ్లతో పరీక్షించండి.
5. చివర్లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' నడపండి. ఊళ్లో అమ్మానాన్నలకు తీసుకెళ్లే ల్యాప్‌టాప్ అయితే ఇది తప్పనిసరి. తేడా ఉంటే ఇక్కడే రిటర్న్ గడువులో మార్చుకోవచ్చు.

వారంటీ పోతుందా?

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. దాని ప్రకారం వేరే కంపెనీ ర్యామ్ వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయకూడదు. ఈ విషయంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు కంపెనీలను హెచ్చరించింది కూడా. కానీ మన చేతిలో విరిగిన భాగానికి వారంటీ వర్తించదు. తీసిన పాత బిళ్లను పారేయకుండా దాచండి. తర్వాత రిపేరుకు పంపాల్సి వస్తే అదే పెట్టి పంపవచ్చు.