వార్తకు అక్షాంశ రేఖాంశాలు

వార్త మొదట్లో ఊరూ తేదీ వేయడం పత్రికలకు ఏనాటి నుంచో ఉన్న ఆచారం. చదివేది మనిషి కనుక ఊరి పేరు చాలేది. చదివే పని కంప్యూటరుకు అప్పగించాకే చిక్కు వచ్చిపడింది. అమరావతి అంటే కృష్ణ ఒడ్డున ఉన్నదా, విదర్భలో ఉన్నదా?

1999 మార్చిలో నెట్‌స్కేప్ తన పోర్టల్ కోసం, వెబ్‌సైట్ల తాజా వార్తలను జాబితాగా అందించే ఫీడ్ పద్ధతి ఆర్‌ఎస్‌ఎస్‌ను తెచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. భారతీయ సంతతికి చెందిన ఆర్.వి. గుహా రూపశిల్పుల్లో ఒకరైన ఆ ఫీడ్‌లో శీర్షిక, లింకు, వివరణ ఉండేవి. స్థలానికి చోటు లేదు. 2000 మేలో అమెరికా జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతూ వచ్చిన లోపాన్ని ఎత్తివేయడంతో కచ్చితమైన స్థాననిర్ణయం సామాన్యుడికీ అందింది. అదే ఏడాది చివర ఆర్‌ఎస్‌ఎస్ 1.0, 2002లో డేవ్ వైనర్ రూపొందించిన 2.0 వచ్చి, మూల ప్రమాణాన్ని కదిలించకుండా కొత్త ట్యాగులు చేర్చుకునే వీలు కల్పించాయి. 2003లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ బృందం అక్షాంశ రేఖాంశాలకు చిన్న పదజాలం కూర్చింది. అయితే దానితో ఒక బిందువునే చెప్పగలం. వరద ముంచిన లంకలకు హద్దు గీయలేం.

ఆ లోటు తీర్చింది జియోఆర్‌ఎస్‌ఎస్. మైకెల్ మారన్, అలన్ డోయల్, రాజ్ సింగ్ వంటివారు కలిసి దాన్ని తీర్చిదిద్దగా, 2006లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం పరిచయ పత్రం వెలువరించింది. బిందువు, రేఖ, పెట్టె, బహుభుజి అని నాలుగే ఆకారాలు. ముందు అక్షాంశం, ఖాళీ విడిచి రేఖాంశం. కృష్ణాతీరపు అమరావతి ‘16.6 80.4’, విదర్భ అమరావతి ‘20.9 77.8’. వరుస తారుమారైతే మన అమరావతి వార్త ఆర్కిటిక్ సముద్రంలో, స్వాల్‌బార్డ్‌కు ఉత్తరాన తేలుతుంది. ప్రమాణం విలువ తెలిసేది అక్కడే.

2007లో గూగుల్ మ్యాప్స్ ఈ ఫీడ్లను చదవసాగింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ తన భూకంప ఫీడ్లలో కంపకేంద్రాన్నే కాక దాని లోతునూ ఇదే పద్ధతిలో పొందుపరిచింది. తరవాత గాలి మళ్లింది. 2013 జులైలో ఫీడ్లు చదివిపెట్టే గూగుల్ రీడర్ మూతపడింది. 2008లో రూపుదిద్దుకున్న జియోజేసన్ అనే మరో పద్ధతి రేఖాంశాన్ని ముందు పెట్టి, డెవలపర్ల మన్ననతో 2016లో ఇంటర్నెట్ ప్రమాణమైంది. జియోఆర్‌ఎస్‌ఎస్‌కు లాంఛనంగా ప్రమాణ హోదా దక్కింది 2017లో, సందడి సద్దుమణిగాక.

అయినా ఆ తరం శ్రమ వృథా కాలేదు. విపత్తు హెచ్చరికల కోసం 2004లోనే ప్రమాణమైన కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ (క్యాప్)లోనూ ప్రమాదప్రాంతాన్ని బహుభుజిగా చెప్పే ఏర్పాటుంది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే ‘సచేత్’ వ్యవస్థకు ఆధారం అదే. ఊరి పేరు మనిషికి, అంకెలు యంత్రానికి అన్న పొత్తు కుదిరాక ఫీడ్లు వచ్చాయి, పోయాయి. పొత్తు మాత్రం నిలిచింది. కొద్ది నియమాలకే కట్టుబడి, మిగతాది రాబోయే తరాలకు విడిచిపెట్టిన సంయమనమే ఆ మార్గదర్శకుల అసలు ఘనత.