ఫోలిక్ ఆమ్లము కథ

ఉన్నత పాఠశాలలలో చదువుకొను బాలబాలికలచే ఉపాధ్యాయులు వారమున కొకసారి దగ్గరనుండి మ్రింగించు నీలిరంగు మాత్ర మన పాఠకులకు తెలిసినదే. ఆరోగ్య కేంద్రములలో నర్సులు గర్భవతులకు దినమున కొకటి చొప్పున ఇచ్చు ఎర్రని మాత్రకూడ ఆ జాతిదే. ఈ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము కలదు. రక్తమునకు ఇనుము కావలెనని చిన్న పిల్లలుకూడ చెప్పగలరు. కాని అందే మరియొక పదార్థము, ఇనుములో నూటవంతు కన్నను తక్కువగా, సగము మిల్లీగ్రాము మాత్రమే ఇమిడియున్నది. దానిపేరు ఫోలిక్ ఆమ్లము.

ఇంత స్వల్పమైన వస్తువును పనిగట్టుకొని ఎందుకు చేర్చిరి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో సుమారు నూరేండ్ల చరిత్రను తిరుగవేయవలెను. ఆ చరిత్రలో బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసిన పేద స్త్రీలు, ఒక ఆంగ్ల వైద్యురాలు, భీమవరమున పుట్టిన ఒక తెలుగువాడు, నాలుగు టన్నుల పాలకూర కూడ ఉన్నవి. ఈ మందు ప్రాణములు నిలిపిన కథతోపాటు, మొదటి దినములలో అది వైద్యులను మోసగించిన కథయు తెలిసికొనదగినదే.

పాండురోగము మనకు క్రొత్త కాదు. ఆయుర్వేదములో దానికి లోహభస్మము లిచ్చుట పూర్వమునుండియు ఉన్నదే. ఇనుము లోపించినపుడు ఎర్రకణములు చిన్నవై, రంగు తగ్గి ఉండును. ఇనుము ఇచ్చినచో చాలవరకు కోలుకొనును. కాని 1849లో లండను నగరమున గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ మరొక తీరు పాండురోగమును వర్ణించెను. రోగికి ఎచ్చటను రక్తస్రావము లేదు, శరీరము చిక్కిపోలేదు. అయినను పాలిపోయి, మెట్లెక్కలేక, క్రమముగ మంచము పట్టి మరణించుచుండెను. 1872లో బియర్మర్ అను వైద్యుడు దీనికి ‘ప్రాణాంతక’మను విశేషణమును తగిలించెను. అది అతిశయోక్తి కాదు. ఈ రోగుల రక్తమును సూక్ష్మదర్శినిలో చూచినచో కణములు చిన్నవి కావు సరికదా, మామూలు కణములకన్న పెద్దవి. సంఖ్య మాత్రము బహు తక్కువ. ఇనుము ఎంత ఇచ్చినను లాభము లేదు.

దీనికి మొదటి చికిత్స కుక్కల నుండి వచ్చినది. అమెరికాలో జార్జి విపుల్, ఆయనతో చిరకాలము పనిచేసిన ఫ్రీడా రోబ్‌షైట్-రాబిన్స్ అను శాస్త్రజ్ఞురాలు, కుక్కల రక్తమును కొంతకొంతగా తీసివేసి, ఏ ఆహారము పెట్టినచో రక్తము త్వరగా తిరిగి పట్టునో పరీక్షించిరి. కాలేయము అన్నిటిని మించినది. ఈ సంగతి చదివిన బోస్టను వైద్యుడు జార్జి మైనాట్, విలియం మర్ఫీతో కలిసి, ప్రాణాంతక పాండురోగులకు దినమునకు పావుకిలోకు దరిదాపుగా కాలేయమును తినిపించెను. 1926లో వారు 45 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారముదినములు గడచుసరికి రక్తములో లేతకణములు వెల్లువగా కనబడెను. మంచముపట్టినవారు లేచి తిరిగిరి. మైనాట్ తానే మధుమేహ రోగి. అప్పుడప్పుడే వెలువడిన ఇన్సులిన్ లేకున్నచో ఆయన ఈ పని చేయుటకు బ్రతికి ఉండెడివాడు కాడు.

ఇందొక విచిత్రమున్నది. విపుల్ కుక్కలను బాగుచేసినది ముఖ్యముగా కాలేయములోని ఇనుము. మైనాట్ రోగులను బాగుచేసినది అదే కాలేయములోని వేరొక వస్తువు. తర్కము తప్పుత్రోవను పోయినను ఫలితము సరియైనది వచ్చెను. విపుల్, మైనాట్, మర్ఫీలకు 1934లో నోబెల్ బహుమతి లభించినది.

మరి ఆరోగ్యవంతులు దినదినము కాలేయము తినుటలేదే, వారికి ఈ రోగమేల రాదు? ఈ ప్రశ్న విలియం కాసిల్‌కు తోచినది. ఆయన చేసిన ప్రయోగమును భోజన సమయమున చెప్పుట తగదు. ఆరోగ్యవంతుని కడుపులో కొంతసేపు జీర్ణమైన మాంసమును బయటికి తీసి, గొట్టముద్వారా రోగి కడుపులోనికి పంపెను. వట్టి మాంసము తిన్నపుడు కోలుకొనని రోగి దీనితో కోలుకొనెను. మంచి జఠరమునుండి ఊరు ఒక పదార్థము ఆహారములోని ఒక పదార్థముతో కలిసిననే రక్తము పట్టునని కాసిల్ 1929లో ప్రకటించెను. ప్రాణాంతక పాండురోగులలో ఈ జఠర పదార్థమే ఊరుటలేదు.

ఇంతవరకు కథ బోస్టనులో నడచినది. ఇక బొంబాయికి రావలెను.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి పరేలులోని హాఫ్‌కిన్ పరిశోధనాలయమునకు వచ్చెను. అచ్చట బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలు గర్భిణులుగా ఉన్నపుడు తీవ్రమైన పాండురోగము పాలై, కాన్పునకు ముందో వెనుకనో అనేకులు మరణించుచుండిరి. వారి రక్తకణములుకూడ పెద్దవే. చూచుటకు అచ్చముగా అడిసన్ రోగమే. కాని విల్స్ పరీక్షింపగా వారి జఠరరసము సరిగానే ఉన్నది. ప్రాణాంతక పాండురోగములో తరచు కనబడు నాడీబాధలు వీరిలో లేవు. కాన్పు తరువాత బ్రతికి బయటపడినవారిలో రోగము దానంతటదే తగ్గుటయు కలదు. ఆమె ఆసుపత్రిలోనే కూర్చుండక, ఆ స్త్రీలు ఏమి తినుచున్నారో విచారించెను. ఆకుకూరలు, పండ్లు, పాలు, మాంసము అన్నియు కొరతయే.

అదే ఆహారమును ఆమె ఎలుకలకు పెట్టిచూచెను. ఆ ప్రయోగము పేలు మోసుకొనివచ్చు ఒక సూక్ష్మజీవి వలన చిక్కులలో పడెను. తరువాత కోతులకు పెట్టెను. పాండురోగము వచ్చిన కోతులకు మార్మైట్ ఇవ్వగా అవి కోలుకొనెను. మార్మైట్ అనగా సారాయి బట్టీలలో మిగిలిన ఈస్టునుండి చేయు నల్లని చిక్కని లేహ్యమువంటిది. ఇంగ్లండులో దానిని రొట్టెకు పూసుకొని తిందురు. ఖరీదు స్వల్పము. గర్భిణులకును అది పనిచేసెనని ఆమె 1931లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించెను. కూనూరులోను, మద్రాసునందలి గోషా ఆసుపత్రిలోను ఆమె ఈ పరిశోధనను కొనసాగించినది. అప్పటికి తెలుగు జిల్లాలు అనేకము మద్రాసు రాజధానిలోనివే.

అటుపిమ్మట ఆమె చూపిన ఒక సంగతి చాల ముఖ్యమైనది. కాలేయసారమును బాగుగా శుద్ధిచేసి ఇచ్చినచో అడిసన్ రోగము కుదురును కాని, ఉష్ణదేశపు గర్భిణుల రోగము కుదురదు. శుద్ధిచేయని ముతక సారము ఇచ్చినచో రెండును కుదురును. అనగా కాలేయములో మందు ఒకటి కాదు, రెండు. శుద్ధిచేయుటలో రెండవది జారిపోవుచున్నది. రక్తము ఒకే తీరున కనబడినను లోపములు వేరు. ఈ రెండవ పదార్థమునకు చాలకాలము ‘విల్స్ కారకము’ అనియే పేరు.

దానిని పట్టుకొనుటకు పదిమంది పదిదారుల వెదకిరి. కోతులపై పనిచేసినవారు దానికి ‘విటమిన్ ఎమ్’ అని, కోడిపిల్లలపై పనిచేసినవారు మరొకటని పేర్లు పెట్టిరి. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు నాలుగు టన్నుల పాలకూరను పిండి, కొద్దిపాటి పదార్థమును వేరుచేసి, లాటిను భాషలో ఆకును తెలుపు మాటనుబట్టి ‘ఫోలిక్ ఆమ్లము’ అని పేరిడిరి. తుదకు ఇవన్నియు ఒకే కుదురులోనివని తేలెను.

ఇచ్చట మన తెలుగువాడు ప్రవేశించును. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. ఆయన యౌవనమున సోదరులిద్దరు స్వల్పకాల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. ఈ వ్యాధిలో విరేచనములు పట్టి, ఆహారము ఒంటికి పట్టక, పెద్దకణముల పాండురోగము వచ్చును. మనవారు దీనిని సంగ్రహణి అందురు. మద్రాసులో వైద్యము చదివి, హార్వర్డులో జీవరసాయన శాస్త్రమున కృషిచేసి, 1940లో ఆయన లెడర్లీ అను మందుల సంస్థలో చేరి, పిదప దాని పరిశోధనలకు అధిపతియయ్యెను. ఆ సంస్థయందే స్టాక్‌స్టాడ్ 1943లో ఫోలిక్ ఆమ్లమును స్ఫటికములుగా సాధించెను. 1945లో ఆ బృందమువారు దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మించిరి. ఆ పరిశోధన పత్రముపై 16 మంది పేర్లు కలవు. అందు సుబ్బారావు పేరొకటి. ఆయన ఒక్కడే కనిపెట్టెనని మనవారు అప్పుడప్పుడు వ్రాయుచుందురు గాని, ఇంతమందిని కూర్చి ఒక పనిపై నిలుపుట తక్కువ ఘనత కాదు. ఆ అణువులోని ఒక భాగము సీతాకోకచిలుక రెక్కలకు రంగునిచ్చు పదార్థముల కుటుంబమునకు చెందినది.

అదే సంవత్సరము టామ్ స్పీస్ అను వైద్యుడు అలబామాలో పెద్దకణముల పాండురోగులకు దీనిని ఇచ్చిచూచెను. ఫలితము అద్భుతము. కొలదికాలములో క్యూబా, పోర్టోరికో ద్వీపములలోని స్ప్రూ రోగులుకూడ దీనితో లేచి కూర్చుండిరి. భీమవరపు సోదరులకు దొరకని మందు అప్పటికి సీసాలలోనికి వచ్చినది.

మందు చౌక, మ్రింగుట సులభము. కావున ప్రాణాంతక పాండురోగులకును కాలేయమునకు బదులు దీనినే ఇచ్చిరి. రక్తము ఎర్రబడినది. వైద్యులు సంతోషించిరి. కాని కొన్ని నెలలకు ఆ రోగులలో అనేకులకు కాళ్లు తిమ్మిరులెక్కసాగెను. చీకటిలో అడుగు తడబడెను. వెన్నుపాములోని నాడులు చెడుచుండెను. రక్తపరీక్ష బాగుగనే ఉన్నందున ఎవరికిని అనుమానము రాలేదు. వచ్చుసరికి కొందరికి నష్టము తిరుగరానిదయ్యెను.

అసలు లోపమేదో 1948లో బయటపడినది. అమెరికాలో మెర్క్ సంస్థవారు, ఇంగ్లండులో లెస్టర్ స్మిత్, టన్నులకొలది కాలేయమునుండి కొద్దిపాటి ఎర్రని స్ఫటికములను తీసిరి. అదే విటమిన్ బి-12. దాని నడుమ కోబాల్టు అను లోహము కలదు. దానిని పేగులోనికి చేర్చుటకే కాసిల్ చెప్పిన జఠర పదార్థము అవసరము. సుబ్బారావు ఆ సంవత్సరమే ఆగస్టులో మరణించెను. బి-12 నిర్మాణమును కిరణములతో విప్పిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు నోబెల్ బహుమతి వచ్చిన 1964లోనే లూసీ విల్స్ కన్నుమూసినది. విల్స్‌కు ఏ బహుమతియు రాలేదు.

రక్తము బాగుపడి నాడులు చెడుట ఎట్లు? బి-12ను రెండు పొలములకు నీరిచ్చు కాలువగా భావింపుడు. ఒక పొలము రక్తము, రెండవది నాడులు. క్రొత్తకణము పుట్టవలెనన్నచో దాని కేంద్రకములోని డి.ఎన్.ఏ. తయారుకావలెను, అందులకు ఫోలేటు కావలెను. శరీరములోని ఫోలేటు వాడుకకు వీలైన రూపమునకు మారుటకు బి-12 తోడు కావలెను. కాలువ ఎండినపుడు బయటినుండి ఫోలిక్ ఆమ్లమును పోసినచో, బావినీరు తోడిపోసినట్లు, మొదటి పొలము పచ్చబడును. గట్టుమీద నిలిచి చూచువాడు కాలువ పారుచున్నదనుకొనును. నాడులకు తొడుగువలె ఉండు పొరను కాపాడుటకు మాత్రము బి-12 తప్ప గతిలేదు. ఆ రెండవ పొలము ఎండిపోవుచునే ఉండును.

అందువలననే నేడు నర్సుల విద్యలో ఒక సూత్రమును గట్టిగా నేర్పుదురు: పెద్దకణముల పాండురోగమున్నచో బి-12 లోపము లేదని తేల్చుకొనకుండ ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఈయరాదు. రెండును కావలసినచో బి-12 ముందు. అరికాళ్ల తిమ్మిరి, నాలుక మంట, నడకలో తూలుట ఉన్నవేమోయని రోగిని అడుగవలెను. జఠర పదార్థము ఊరనివారికి బి-12 సూదిమందుగా, 1000 మైక్రోగ్రాముల చొప్పున, తరచుగ జీవితాంతము ఇయ్యవలసి ఉండును. మన దేశమున శాకాహారులు అధికులు. మొక్కలలో బి-12 లేదు. పాలు, పెరుగులే వారికి ఆధారము. కావున ఈ సూత్రము మనకు మరింత వర్తించును. బడిలో ఇచ్చు మాత్ర విషయమున భయపడనక్కరలేదు. అందు ఫోలిక్ ఆమ్లము వారమునకు సగము మిల్లీగ్రామే. ఆనాటి రోగులకు ఇచ్చినవి దినమునకు అనేక మిల్లీగ్రాములు. ఆ మాత్ర వేసికొన్న మరునాడు విరేచనము నల్లబడుట ఇనుము వలననే. అది రోగము కాదు. టీతోకూడ మాత్రను మ్రింగరాదు, ఇనుము ఒంటికి పట్టదు.

ఈ కథకు ఒక కొమ్మ ఉన్నది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు సంబంధులను ఇయ్యగా వ్యాధి వేగము హెచ్చినట్లు కనబడెను. అట్లయినచో దానికి వ్యతిరేకి కావలెనని, లెడర్లీవారు తయారుచేసిన అమినాప్టెరిన్‌ను ఇచ్చెను. 1948లో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగ గుణము కనబడినట్లు ఆయన ప్రకటించెను. దాని తమ్ముడు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో ఉన్నది. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒకమారు మాత్రమే వేసికొనవలెను. పొరపాటున ప్రతిదినము వేసికొన్నవారు మరణించుటకూడ కలదు. కావున ఏ వారమునాడు వేసికొనవలెనో నర్సు రోగిచే పలికించి మరీ పంపవలెను.

1991లో మరియొక లాభము రుజువైనది. ఏడు దేశములలో 1,817 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో, గర్భము నిలుచుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నవారి శిశువులలో వెన్నుపాము మూసికొనక పుట్టు లోపము మరల కలుగుట 72 శాతము తగ్గినది. వెన్నుపాము గొట్టము నాలుగు వారములకే మూసికొనును. అప్పటికి చాలమందికి గర్భమున్నదనియే తెలియదు.

ఆహారములోని ఫోలేటు ఎంత సున్నితమైనదో తెలుపు ప్రయోగమును విక్టర్ హెర్బర్ట్ అను వైద్యుడు 1961లో తనపైననే చేసికొనెను. ప్రతి వంటకమును మూడుమారులు ఉడికించి, మూడుమారులును నీరు వార్చివేసి, ఆ పిప్పినే భుజించెను. నాలుగున్నర నెలలకు ఆయన రక్తము బొంబాయి స్త్రీల రక్తమువలె మారినది. ఫోలిక్ ఆమ్లపు మాత్రలతో కోలుకొనెను. తోటకూర, పాలకూర, బచ్చలి, పెసలు, శనగలు దీనికి మంచి నిలయములు. ఉడికిన నీటిని పారబోయక పప్పులోనో పులుసులోనో కలుపుకొన్నచో నీటిలో దిగిన ఫోలేటు చాలవరకు మనకే దక్కును.