మూడు కాపీలు

మా స్టూడియోలో లెక్క మూడు కాపీలు. కార్డు సైజు ఫొటో దిగినవాళ్ళకి మూడు ప్రింట్లు ఇచ్చి, నెగెటివ్ మేం ఉంచుకునేవాళ్ళం. ఆ మూడూ ఎక్కడికి చేరతాయో నాకు తెలుసు. ఒకటి ఇంటి గోడకి, ఒకటి సంబంధం వాళ్ళకో ఆడపడుచుకో, మూడోది ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లోకి. 1972లో, పద్నాలుగో ఏట, ఆకివీడులో ఆ స్టూడియోలో పనికి కుదిరాను. మొదటి రెండేళ్ళూ హైపో మందు కలపడం, ప్రింట్లు కడిగి తీగ మీద ఆరేయడం, పరదా మీద దుమ్ము దులపడం. పరదా మీద మేడ, మెట్లు, మెట్ల పక్కన పూలకుండీ. కొల్లేటి లంకల్లోంచి తాటిదోనె మీద గట్టుకి చేరి, అక్కణ్ణుంచి నడిచి, బస్సెక్కి వచ్చినవాళ్ళు కూడా ఆ మేడ ముందే నిలబడ్డారు.

దిగడం అనే మాట చూడండి. మన భాషలో ఫొటో తీసేవాడికి ఒక క్రియ, దిగేవాళ్ళకి వేరే క్రియ. ఏట్లోకి దిగినట్టు మనిషి తనంతట తాను దిగాలి. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, పక్కింటావిడ గొలుసు ఎరువు తెచ్చుకుని దిగేవారు. ఈ యాభై ఏళ్ళలో మా వైపు ఫొటోగ్రఫీకి ఏమైందని ఎవరైనా అడిగితే, దిగేవాళ్ళు తగ్గి తీయబడేవాళ్ళు పెరిగారంటాను. తీయబడేవాళ్ళు అన్నది తెలుగులో సరిగా ఇమడని మాట. ఇమడకపోవడమే మంచిది.

మా గురువుగారు టచింగ్‌లో దిట్ట. నెగెటివ్‌ని వాలుబల్ల మీద పెట్టి, వెనకనుంచి వెలుగు పడేట్టు అద్దం సర్ది, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహమ్మీద మచ్చలూ ముడతలూ పూడ్చేవారు. కానీ పుట్టుమచ్చ జోలికి పోయేముందు అడిగేవారు. "ఇది ఉంచమంటారా, తీసెయ్యమంటారా అమ్మా?" కొందరు తీసెయ్యమనేవారు. ఒకావిడ మాత్రం, "అది తీసేత్తే మా ఆయన పోల్చుకోడండీ" అంది. ఆయన అప్పటికి బర్మాలోనో ఎక్కడో ఉన్నాడు.

ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడే ముసలివాళ్ళు అప్పట్లో చాలామంది. అలాంటివాళ్ళు బతికుండగా దిగేవారు కాదు. పోయాక కొడుకులు పరుగున వచ్చేవారు. మేం స్టాండు మోసుకెళ్ళేసరికి పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి పంచె బిగించి ఉంచేవారు. మూసిన కళ్ళ మీద తెరిచిన కళ్ళు గురువుగారు ప్రింటు మీద గీసేవారు. ఇదీ అడక్కుండా తీసిందే కదా అంటారు ఇప్పటి కుర్రాళ్ళు. నాకు దీనికి సరైన జవాబు లేదు. కొడుకుల్ని అడిగాం, ఆయన్ని అడగలేదు.

తర్వాత ఆగ్ఫా క్లిక్ త్రీ వచ్చింది. మన దేశంలోనే తయారైన నల్లటి డబ్బా కెమెరా. రీలుకి పన్నెండు చదరపు బొమ్మలు. సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఎండా మబ్బూ చూసి ఓ మీట జరపడమే. రైసుమిల్లు వాళ్ళబ్బాయి, కాలేజీకి భీమవరం వెళ్ళొచ్చే కుర్రాళ్ళు, బ్యాంకు గుమాస్తా, అందరూ ఫొటోగ్రాఫర్లే. తీసేది వాళ్ళు, కడిగేది మేం. ఊళ్ళో ఎవరు ఏ కంటితో చూస్తున్నారో ముందు చీకటిగదిలో ఉన్నవాడికి తెలిసేది. ఎర్రబల్బు కింద ట్రేలో కాగితం మీద బొమ్మ మెల్లగా పైకి తేలుతుంటే గురువుగారు అక్కడే తీర్పు చెప్పేవారు. "తలమీంచి కొబ్బరిచెట్టు మొలిచింది." "కాళ్ళు నరికేశాడు." "ఆకాశం ఇంత దేనికి, వానొస్తాదా?" ఆరిన ప్రింటు వెనక పెన్సిలుతో ఆ ముక్కే రాసి కవరులో పెట్టేవారు. అడిగినవాళ్ళు లేరు, ఫీజూ లేదు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ ముక్కల కోసమే రీళ్ళు తెచ్చేవారని నా అనుమానం.

ఓసారి ఒక రీలులో ఏడో బొమ్మ కాలవ రేవు. మెట్ల మీద ఆడవాళ్ళు స్నానం చేస్తున్నారు. తీసింది చెట్టు చాటునుంచి. ముందు ఆకులు మసకగా పడ్డాయి. గురువుగారు నెగెటివ్‌ని దీపానికి పెట్టి చూశారు. కత్తెర తీసి ఆ ఒక్క ముక్కా కత్తిరించి, అగ్గిపుల్ల గీశారు. పదకొండు ప్రింట్లకే డబ్బు తీసుకున్నారు. ఆ కుర్రాడు గల్లా దగ్గర లెక్కపెట్టుకుని, "ఒకటి తగ్గిందండీ" అన్నాడు. "కాలిపోయింది బాబూ" అన్నారాయన. అబద్ధం కాదు కదా. వాడు ఇంకేమీ అడగలేదు, తలెత్తనూ లేదు. మిగతా పదకొండిట్లో ఒక ప్రింటు వెనక మాత్రం రాశారు: "చెట్టు ముందుకి వచ్చి తియ్యి."

ఆ ముక్క నేను సాంకేతిక సలహా అనుకున్నాను, చాలా ఏళ్ళు.

ఇలా అడక్కుండా తీయడం మా ఊరి తగువొక్కటే కాదని తర్వాత పుస్తకాలు చదువుతుంటే తెలిసింది. 1888లో అమెరికాలో కొడాక్ చేతి కెమెరా అమ్మకానికొచ్చింది. రెండేళ్ళ తర్వాత వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు మనిషిని తన మానాన వదిలెయ్యాలనే హక్కు గురించి వ్యాసం రాశారు. వాళ్ళ ఫిర్యాదుల్లో క్షణంలో తీసే ఫొటోలు ఒకటి. మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది 2017లో. ఇక హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1892లో పరదా పాటించే ఆడవాళ్ళకోసం వేరే స్టూడియో పెట్టి, ఇంగ్లీషు ఆవిడకి అప్పజెప్పాడు. వ్యాపారమే అనుకోండి. కానీ మనిషి దిగడానికి వీలు చూశాడు.

దానికి తలకిందులు హూపర్ కథ. డబ్ల్యూ.డబ్ల్యూ. హూపర్ మద్రాసు సైన్యంలో అధికారి. 1876–78 కరువులో కడప, కర్నూలు, బళ్ళారి వైపు జనం మాడిపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళున్న మా గోదావరి డెల్టా గట్టెక్కింది. మద్రాసు రాజధానిలోని ఆ కరువు మనుషుల్ని, ఎముకలగూళ్ళని, హూపర్ వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తిండి పెట్టకుండా ఫొటో తీసుకుని పంపేశాడని ఆ కాలంలోనే తిట్టారు. అదే మనిషి 1886లో మాండలేలో తుపాకులకి ఎదురుగా నిలబెట్టిన ఖైదీల్ని గుళ్ళు తగిలే క్షణంలో తీయాలని కెమెరాతో కాచుకున్నాడు. విచారణ జరిగి చీవాట్లు తిన్నాడు. ఆ కరువు ఫొటోలు చూశాను. వెలుగు బాగుంది, కూర్పు కుదిరింది, ఫోకసు ఎక్కడా తప్పలేదు. మా గురువుగారైతే వాటి వెనక ఏం రాసేవారో నాకు ఊహ అందలేదు.

హూపర్‌ని అన్నాను గనక నా సంగతీ చెప్పాలి. 1983లో నేను స్వంతంగా కెమెరా కొనుక్కుని, ఆదివారాలు కొల్లేటి మీద తిరిగేవాణ్ణి. ఒకనాటి సాయంత్రం కిక్కిస దుబ్బుల మధ్య ఒకావిడ దోనెలో నిలబడి గెడ వేసుకుంటూ వెళ్తోంది. పొద్దు ఆవిడ వెనక. నీళ్ళు బంగారం, మనిషి నల్లటి నీడ. ఒక్కటే తీశాను. ఆవిడ నన్ను చూడలేదు. ఆ బొమ్మకి పోటీలో బహుమతి వచ్చింది, పెద్ద ప్రింటు వేసి స్టూడియో అద్దంలో పెట్టాను. నాలుగైదేళ్ళ తర్వాత లంకలోంచి ఒకతను వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. దోనె చెక్కపట్టీని బట్టీ, నిలబడ్డ తీరుని బట్టీ పోల్చుకున్నాడు. వాళ్ళమ్మ. పోయి ఆర్నెల్లయింది. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ప్రింటు వేసి చేతికిచ్చాను, డబ్బు వద్దన్నాను. తిప్పి తిప్పి చూసి అడిగాడు:

"అంతా నల్లగా ఉంది కదండీ. మొహం ఏదండీ?"

నెగెటివ్ తీసి ఎన్లార్జర్‌లో పెట్టి, రెట్టింపు వెలుగిచ్చీ సగం ఇచ్చీ ఆ రాత్రంతా వెతికాను. లేని మొహం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకు బహుమతి వచ్చిందే అది లేనందుకు. ఆమెని దిగనిచ్చి ఉంటే కనీసం ఒకటి మొహంతో ఉండేది. 1993లో ఎన్నికల ప్రధాన కమిషనరు శేషన్ గారు ఓటరు కార్డు మీద ఫొటో ఉండాల్సిందేనన్నాక లంకల్లో ప్రతి మొహాన్నీ ప్రభుత్వమే తీయించింది. పోస్టుస్టాంపంత, బెదురు కళ్ళతో. వాటిలో కళ లేదని అందరూ నవ్వేవారు. ఎన్నో ఇళ్ళలో దండవేసి ఉన్న ఫొటో ఆ కార్డు నుంచి పెద్దది చేసిందే. కొన్ని నేనే చేశాను.

ఇప్పుడు స్టూడియో లేదు, అరుగు ఉంది. ఆదివారం కుర్రాళ్ళు ఫొటోలు తెచ్చి చూపిస్తారు. ఎక్కువగా కొల్లేటి గట్టున ఆటపాక పక్షులు. మా పక్కనే ఆరేడులో 1946లో నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు దాదాపు మూడువేల గూడబాతులు గూళ్ళు కట్టుకోవడం చూశాడు. 1975 ప్రాంతానికి ఆ కొలువు ఖాళీ అయింది. ఆ చివరి మూడేళ్ళూ నేను ఆరేడుకి కూతవేటు దూరంలో చీకటిగదిలో ఉన్నాను, ఒక్కసారీ వెళ్ళలేదు. అందుకే ఆటపాకలో ఇనప స్టాండ్ల మీద గూళ్ళు చూస్తే సంతోషమే. కానీ రెక్క విప్పిన బొమ్మకోసం చప్పట్లు కొట్టి పక్షిని లేపానని ఒకడు గర్వంగా చెప్పినప్పుడు ఫోన్ వెనక్కిచ్చేశాను. గూటిలో గుడ్లుంటే ఎండలో ఏమవుతాయి?

మనుషుల ఫొటోలకి నేను అడిగేది ఒకటే. "ఆవిడ ఇది చూసిందా?" విసుక్కుంటారు. ముందు అడిగితే సహజంగా రాదు మావయ్యా అంటారు. నిజమే. ముందు అడగమని నేను అనట్లేదు. మొత్తంమీద ఎప్పుడో ఒకప్పుడు అడిగావా అని. చెట్టు ముందుకి రావడానికి ఫొటో తీశాక కూడా వేళ మించిపోదు.

పోయిన మాఘంలో ఒకడు మంచి బొమ్మ తెచ్చాడు. దోనె అంచున ఒక ముసలావిడ కొర్రమీను ఎత్తి పట్టుకుంది. పక్కనుంచి ఎండ, చేప పొలుసు మీద మెరుపు. వెనక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కాస్త అడ్డం, అది తప్ప వంక లేదన్నాను. ప్రింటు వేయించి పట్టుకెళ్ళి ఇవ్వమన్నాను. వెళ్ళాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకుని చూసిందట. "ఇదేటి బాబూ, చచ్చిన సేప. దీన్నేటి తీసేవు?" డ్రమ్ము సంగతి ఎత్తనే లేదు. "ఉండు, సీర మార్చుకొత్తాను" అని లోపలికి వెళ్ళి, కోడలికి పిల్లకి కూడా తల దువ్వి, ముప్పావుగంట తర్వాత వచ్చింది.

ఆ రెండో ఫొటో చూశాను. నడినెత్తిన ఎండ, కళ్ళకింద నల్లటి నీడలు. ముగ్గురూ చేతులు కిందికి చాపి, ఊపిరి బిగబట్టి, గోడకి ఆనుకుని నిటారుగా ఉన్నారు.

"ఏమంటావు మావయ్యా?" అన్నాడు.

మూడు కాపీలు వేయించమన్నాను.